ఆ ఏడాది శనివారాలు



1970 నవంబరు 14, శనివారం. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో, ఒహాయో నది ఒడ్డున హంటింగ్టన్ అని ఒక ఊరు. ఆ మధ్యాహ్నం ఆ ఊళ్ళో జనం రేడియోలకు చెవులప్పగించి కూర్చున్నారు. తమ ఊరి మార్షల్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు నార్త్ కరోలినాలోని గ్రీన్‌విల్‌కు వెళ్ళి, అక్కడి ఈస్ట్ కరోలినా జట్టుతో ఆడుతోంది. ఆట చెబుతున్నాయన జీన్ మోర్‌హౌస్. మార్షల్ ఆట అంటే ఆ ఊరికి ఆయన గొంతే. ఆట చివరిదాకా ఊరించి, మూడే మూడు పాయింట్ల తేడాతో చేజారింది. 17-14. ఓడిపోయామని తన శ్రోతలకు చెప్పి, ఆయన కూడా ఆటగాళ్ళతో కలిసి విమానం ఎక్కారు.

ఆ రాత్రి 7 గంటల 36 నిమిషాలకు ఆ విమానం హంటింగ్టన్ విమానాశ్రయానికి మైలు దూరంలో, ఒక కొండ మీది చెట్లను తాకి కూలిపోయింది. లోపల ఉన్నవాళ్ళు 75 మంది. ఒక్కరూ మిగల్లేదు.

మధ్యాహ్నం తమకు ఆట చెప్పిన మనిషి రాత్రికి లేడు. నేను కూడా మైకు ముందు కూర్చునే మనిషిని. ఈ కథ ఎప్పుడు తలుచుకున్నా నా మనసు ముందు ఆయన దగ్గరే ఆగిపోతుంది. కానీ ఇవాళ నేను మీకు చెప్పదలచుకున్నది ఆ రాత్రి గురించి మాత్రమే కాదు. ఆ తరవాతి సంవత్సరం, 1971లో, అదే కాలేజీ మళ్ళీ ఒక జట్టును కూడగట్టి మైదానంలోకి దిగింది. పది ఆటలు ఆడింది. ఎనిమిది ఓడింది. ఆ ఓడిపోయిన జట్టు గురించి చెప్పాలని వచ్చాను.

ముందు ఆట గురించి రెండు మాటలు. ఫుట్‌బాల్ అనగానే మనకు కాలితో తన్నే గుండ్రటి బంతి గుర్తొస్తుంది. హైదరాబాదు వాళ్ళకైతే ఫుట్‌బాల్ కోచ్ రహీమ్ సాబ్ గుర్తొస్తారు. అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్ వేరు. బంతి కోలగా ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకుని పరుగెత్తవచ్చు, ముందున్న తోటివాడికి విసరవచ్చు. జట్టుకు 11 మంది. వంద గజాల మైదానం. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి, లేకపోతే బంతి అవతలివాళ్ళకు పోతుంది. బంతి పట్టినవాణ్ణి అవతలి జట్టు మీదపడి పడేస్తుంది. మన కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి గీత అందకుండా నలుగురూ కలిసి ఎలా పట్టేస్తారో, అలాగన్నమాట. బంతితో అవతలి గీత దాటితే ఆరు పాయింట్లు. దాన్ని టచ్‌డౌన్ అంటారు. కర్రల మధ్య నుంచి బంతిని తన్నితే మూడు. ఇంత తెలిస్తే చాలు.

ఇంకో సంగతి. అక్కడ కాలేజీ ఆటంటే మన కాలేజీల వార్షికోత్సవం పోటీల్లాంటిది కాదు. శుక్రవారం హైస్కూలు పిల్లల ఆట, శనివారం కాలేజీ ఆట, ఆదివారం డబ్బు తీసుకుని ఆడేవాళ్ళ ఆట. హంటింగ్టన్ లాంటి ఊళ్ళకు పెద్ద పెద్ద జట్లు ఉండవు. ఉన్నదల్లా కాలేజీ జట్టే. శనివారం వచ్చిందంటే జాతరకు బయలుదేరినట్టు ఇంటిల్లిపాదీ బయలుదేరతారు. ఇప్పుడు మన తెలుగు పిల్లలు వేలమంది అక్కడి యూనివర్సిటీల్లో చదువుతున్నారు కదా, వాళ్ళనడగండి చెబుతారు, శనివారం ఆట ఉంటే ఊరికి ఊరు ఎలా ఒకే రంగు చొక్కాల్లోకి మారిపోతుందో. మార్షల్ వాళ్ళది పచ్చ రంగు. జట్టు పేరు థండరింగ్ హెర్డ్. ఉరుము ఉరిమినట్టు నేల అదరగొడుతూ పరుగెత్తే అడవిదున్నల మంద అని దాని భావం.

పేరులో ఉన్న ఉరుము ఆటలో ఉండేది కాదు, నిజం చెప్పాలంటే. 1960ల చివర్లో ఆ జట్టు వరసగా 27 ఆటలు గెలుపు మొహం చూడలేదు. ఆటగాళ్ళను చేర్చుకోవడంలో నియమాలు తప్పారని 1969లో వాళ్ళుండే కాలేజీల సంఘం నుంచి బయటికి పంపించారు. అలాంటి జట్టును రిక్ టాలీ అనే ముప్ఫై ఏళ్ళ కోచ్ చేతిలోకి తీసుకుని, ఇటుక మీద ఇటుక పేర్చినట్టు నిలబెడుతున్నాడు. 1970లో మూడు ఆటలు గెలిచారు. కాస్త ఊపిరి తీసుకుంటున్నారు. సరిగ్గా అప్పుడు ఈ ప్రమాదం జరిగింది.

ఆ సీజన్‌లో మిగతా ప్రయాణాలకు ఆ జట్టుకు విమానం అవసరం పడలేదు. ఆ ఒక్క ప్రయాణానికే విమానం మాట్లాడుకున్నారు. ఆ రాత్రి వాన, మంచు. హంటింగ్టన్ విమానాశ్రయం కొండల నడుమ ఉంటుంది. దిగే విమానానికి రన్‌వే ఎటు ఉందో చెప్పే సంకేతం అక్కడ ఉంది కానీ, ఎంత ఎత్తున ఉన్నావు, ఎంత వాలుగా దిగాలి అని చెప్పే సంకేతం లేదు. రన్‌వే కంటికి కనిపించేదాకా ఒక ఎత్తు కంటే కిందికి రాకూడదని నియమం. విమానం ఆ ఎత్తు దాటి కిందికి వచ్చేసింది. ఎందుకు వచ్చిందో దర్యాప్తు చేసినవాళ్ళు కూడా కచ్చితంగా తేల్చలేకపోయారు. కాక్‌పిట్‌లోని పరికరాలు చూపింది సరిగా వాడుకోకపోవడమో, ఎత్తు చూపే పరికరంలోనే తేడా రావడమో, ఈ రెంటిలో ఒకటి అయివుండొచ్చని రాశారు.

37 మంది ఆటగాళ్ళు. కోచ్ టాలీతో కలిపి శిక్షణ బృందంలో ఎనిమిదిమంది. అయిదుగురు విమాన సిబ్బంది. మిగిలిన 25 మంది ఊరివాళ్ళు, జట్టు మీది అభిమానంతో వెంట వెళ్ళినవాళ్ళు. డాక్టర్లున్నారు, కొత్తగా ఎన్నికైన శాసనసభ్యుడున్నాడు. కొందరు భార్యాభర్తలు కలిసి వెళ్ళారు. ఒక్క రాత్రిలో 70 మంది పిల్లలు తల్లినో తండ్రినో పోగొట్టుకున్నారు. వాళ్ళలో 18 మందికి తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. హంటింగ్టన్ జనాభా అప్పుడు డెబ్భై వేల పైచిలుకు. అంత ఊళ్ళో 75 చావులంటే, శవం లేవని వీధి ఏముంటుంది చెప్పండి. ఆరుగురు ఆటగాళ్ళ దేహాలు ఎవరివో గుర్తుపట్టలేకపోయారు. ఏ తల్లి బిడ్డ ఏ పెట్టెలో ఉన్నాడో తెలియకుండానే ఆ ఆరుగురినీ ఊరి మిట్ట మీది స్ప్రింగ్ హిల్ శ్మశానంలో పక్కపక్కనే పడుకోబెట్టారు.

మిగిలినవాళ్ళు ఎలా మిగిలారో వింటే మనసు మనసులో ఉండదు. నేట్ రఫిన్ అనే కుర్రాడు దెబ్బ తగిలి ఆ వారం ఆటకు వెళ్ళలేదు. ఆ తరవాత అతడే తన స్నేహితుల దేహాలను గుర్తుపట్టే పనిలో సాయం చేశాడు. సహాయ కోచ్ రెడ్ డాసన్ కొత్త ఆటగాళ్ళను చూసే పని మీద ఇంకొక కోచ్‌తో కలిసి కారులో బయలుదేరాడు. దారిలో కారు రేడియోలో విన్నాడు.

ఇంకొకటి ఉంది. ఆ రోజుల్లో అమెరికా కాలేజీ ఆటల సంస్థ నియమం ప్రకారం, మొదటి సంవత్సరం విద్యార్థులు పెద్ద జట్టులో ఆడకూడదు. వాళ్ళకు వేరే జట్టు. ఆ నియమం వల్ల మొదటి సంవత్సరం కుర్రాళ్ళెవరూ ఆ విమానంలో లేరు. వాళ్ళు మిగిలారు. అలబామా నుంచి వచ్చిన రెజీ ఆలివర్ అనే కుర్రాడు వాళ్ళలో ఒకడు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇప్పుడేం చెయ్యాలి? ఫుట్‌బాల్‌ను ఇక మూసేద్దామా అన్న ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన చేసినవాళ్ళను నేను తప్పు పట్టను. మన ఇళ్ళలో ఎవరైనా పోతే ఏడాది తిరిగేదాకా పండగ చెయ్యం. పిండివంట వండం. ఇరుగుపొరుగు తెచ్చిపెడితే తింటాం. చావు జరిగిన ఇంట్లో బ్యాండు మేళం మోగడమేమిటని హంటింగ్టన్‌లో ఒక తండ్రికి అనిపిస్తే అందులో ఆశ్చర్యం లేదు. పోయిన పిల్లలు వేసుకున్న పచ్చచొక్కాలు ఇంకొకడు వేసుకుని పరుగెత్తుతుంటే చూడగలమా అని ఒక తల్లి అంటే ఏం జవాబు చెబుతాం?

కానీ విద్యార్థులు ఆడాలన్నారు. మిగిలిన ఆటగాళ్ళు ఆడాలన్నారు. అప్పట్లో ఇన్‌చార్జిగా ఉన్న యూనివర్సిటీ అధ్యక్షుడు డోనాల్డ్ డెడ్‌మన్ చివరికి ఆడదామనే నిశ్చయించాడు. ఏడాది పూర్తికాకుండానే, పదినెలలకే ఆ ఊరి శనివారం మళ్ళీ మైదానం వైపు నడిచింది. అది సరైన నిర్ణయమని నా నమ్మకం. పోయినవాళ్ళు ఇష్టపడి చేసిన పనిని ఆపేస్తే, ఆ పిల్లల పేర్లు ఆ ప్రమాదంతోనే ముడిపడి ఉండిపోయేవి. ఆట సాగింది కాబట్టి వాళ్ళు ఇప్పటికీ ఆటగాళ్ళుగా గుర్తున్నారు.

నిర్ణయం ఒక ఎత్తు, కోచ్‌ను వెతకడం ఒక ఎత్తు. ఒకాయన ఒప్పుకుని, వచ్చి, వారం తిరక్కుండానే వెనక్కి వెళ్ళిపోయాడు. ఆయన్నీ ఏమీ అనలేం. ఆ బరువు అలాంటిది. చివరికి 1971 మార్చిలో జాక్ లెంగ్యెల్ వచ్చాడు. ఒహాయోలో వూస్టర్ అనే చిన్న కాలేజీకి కోచ్. పెద్ద పేరున్నవాడు కాదు. తనే అడిగి వచ్చాడు. రెడ్ డాసన్ ఆయన పక్కన ఒక్క సంవత్సరం నిలబడ్డాడు. పోయిన పిల్లల్లో చాలామందిని వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, తల్లిదండ్రుల ముందు కూర్చుని, మీ అబ్బాయిని మా కాలేజీకి పంపండని అడిగి తెచ్చిన మనిషి ఆయన. ఆ ఏడాది పూర్తికాగానే కోచింగ్ వదిలేసి, ఇళ్ళూ భవనాలూ కట్టే పనిలోకి వెళ్ళిపోయాడు. ఆ ఒక్క ఏడాది ఆయన రోజూ ఉదయం ఆ మైదానంలోకి ఎలా అడుగుపెట్టాడో నేను ఊహించలేను.

మరి ఆటగాళ్ళు? పాత పెద్ద జట్టులో మిగిలినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. నిరుడు మొదటి సంవత్సరంలో ఉన్న కుర్రాళ్ళు ఇప్పుడు రెండో సంవత్సరానికి వచ్చారు. వాళ్ళూ చాలరు. అప్పుడు ఆటల సంస్థ మార్షల్ కోసం తన నియమం సడలించింది. మొదటి సంవత్సరం పిల్లలు కూడా ఆడవచ్చంది. నిరుడు కొందరి ప్రాణాలు నిలబెట్టిన నియమాన్నే ఈ ఏడు జట్టును నిలబెట్టడానికి పక్కన పెట్టారు. ఇంకా చాలక, ఫుట్‌బాల్ ఎప్పుడూ ఆడని కాలేజీ పిల్లలను కూడా రమ్మన్నారు. బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళు వచ్చారు, బేస్‌బాల్ ఆడేవాళ్ళు వచ్చారు. కర్రల మధ్యకు బంతి తన్నడానికి మనకు తెలిసిన ఫుట్‌బాల్, వాళ్ళు సాకర్ అంటారే, అది ఆడే కుర్రాడు దొరికాడు. ఆ జట్టుకు యంగ్ థండరింగ్ హెర్డ్ అని పేరు వచ్చింది. దున్నల మంద కాదు, లేగదూడల మంద.

ఈ దూడలతో ఏ ఆట ఆడించాలి? ఎదురుగా నిలబడే అవతలివాళ్ళు వీళ్ళకంటే బరువు, వీళ్ళకంటే వయసు. గుద్దుకుంటే వీళ్ళే పడతారు. ఇక్కడ ఒక మంచి మాట చెప్పాలి. అదే రాష్ట్రంలోని పెద్ద యూనివర్సిటీ వెస్ట్ వర్జీనియా జట్టు కోచ్ బాబీ బౌడెన్ తన దగ్గరున్న ఆట ఫిల్ములు, వ్యూహాల పుస్తకాలు లెంగ్యెల్ ముందు పరిచేశాడు. ఏ కోచ్ అయినా ఇనప్పెట్టెలో దాచుకునే సరుకు అది. అందులోంచి లెంగ్యెల్ వీర్ అనే పద్ధతి నేర్చుకున్నాడు. వీర్ అంటే పక్కకు మళ్ళడం. ఎదుటివాణ్ణి ఢీకొట్టి తోసేయడం కాకుండా, బంతి పట్టినవాడు అవతలివాడి అడుగు చూసి ఆ క్షణంలో నిర్ణయం తీసుకుంటాడు. నేనే పరుగెత్తనా, పక్కవాడికి ఇవ్వనా? బలం తక్కువున్నవాడు కన్నుతో ఆడే ఆట. బౌడెన్ పిల్లలు తమ హెల్మెట్ల మీద మార్షల్ కోసం ఒక పచ్చ శిలువ గుర్తు, ఎం.యు. అనే రెండు అక్షరాలు అంటించుకున్నారు. మైదానంలో ప్రత్యర్థులుగా ఉండవలసినవాళ్ళు ఇలా ఉన్నారు.

సెప్టెంబరు 18న మొదటి ఆట, మోర్‌హెడ్‌లో. నేట్ రఫిన్ కెప్టెన్. అక్కడి కాలేజీ జట్టు చేతిలో 29-6తో ఓడారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు.

తరవాతి శనివారం, సెప్టెంబరు 25, సొంత ఊళ్ళో. ఫెయిర్‌ఫీల్డ్ స్టేడియం. ఎదుటి జట్టు సిన్సినాటి నుంచి వచ్చిన జేవియర్. ఈ ఆటను కాస్త నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే ఒక రేడియో మనిషికి ఇది చెప్పుకోవలసిన ఆట.

సాకర్ కుర్రాడు బంతి తన్ని మూడు పాయింట్లు తెచ్చాడు. తరవాత ఒక టచ్‌డౌన్, మరో ఆరు. మొత్తం తొమ్మిది. కానీ జేవియర్ వాళ్ళు 13 మీద ఉన్నారు. గడియారంలో సెకన్లు రాలిపోతున్నాయి. బంతి జేవియర్ గీతకు 13 గజాల దూరంలో ఉంది. ఒక్క ప్రయత్నానికే వేళ మిగిలింది. బంతి రెజీ ఆలివర్ చేతికొచ్చింది. అదే, మొదటి సంవత్సరంలో ఉండడంతో ఆ విమానం ఎక్కని ఆ అలబామా కుర్రాడు. అతడు కుడివైపు పరుగు తీశాడు. జేవియర్ జట్టంతా అతని వెంట కుడివైపు మళ్ళింది. అతడు ఆగి, వెనక్కి తిరిగి, ఎడమవైపుకు బంతి విసిరాడు. అక్కడ టెర్రీ గార్డ్‌నర్ ఉన్నాడు. మొదటి సంవత్సరం పిల్లవాడు, పాత నియమమే ఉంటే గ్యాలరీలో కూర్చుని చూడవలసినవాడు. బంతి అందుకున్నాడు. ముందు ఒక తోటి ఆటగాడు అడ్డొచ్చినవాణ్ణి ఆపాడు. గార్డ్‌నర్ పరుగెత్తాడు. గీత దాటాడు. గడియారం చూస్తే సున్నా.

మార్షల్ 15, జేవియర్ 13.

ఆట అయిపోయినా జనం ఇళ్ళకు కదల్లేదు. మైదానంలోకి దిగిపోయారు. నవ్వుతున్నది ఎవరో, ఏడుస్తున్నది ఎవరో తెలియలేదు. అందరూ రెండూ చేస్తున్నారు. పదినెలలుగా ఆ ఊళ్ళో జనం గుమిగూడిందల్లా చావు ఇళ్ళ ముందు, చర్చీల్లో, శ్మశానంలో. మళ్ళీ అంతమంది ఒకచోట చేరి ఒకరినొకరు కావిలించుకోవడానికి వేరే కారణం ఒకటి దొరికింది, అన్నాళ్ళకి.

సినిమా అయితే అక్కడ ఆపుతారు. ఆపారు కూడా, 2006లో వచ్చిన ‘వి ఆర్ మార్షల్’ సినిమాలో కథ ఆ గెలుపు దాకానే. మంచి సినిమానే. కానీ సీజన్ అక్కడ ఆగలేదు కదా. మరుసటి ఆటలో మయామీ ఆఫ్ ఒహాయో జట్టు 66 పాయింట్లు చేసింది, వీళ్ళు ఆరు. ఆ తరవాత కొన్ని ఆటల్లో ఒక్క పాయింటూ రాలేదు. 1969 నుంచి ఓటమి ఎరగని టొలీడో జట్టుతో కూడా ఈ దూడలు తలపడవలసి వచ్చింది. అది ఎలా ముగిసిందో చెప్పనక్కర్లేదు. అక్టోబరు చివర్లో, పాత విద్యార్థులందరూ ఊరికి తిరిగొచ్చే హోమ్‌కమింగ్ రోజున, బౌలింగ్ గ్రీన్ జట్టు మీద 12-10తో ఇంకొక్కటి గెలిచారు. మొత్తం లెక్క, రెండు గెలుపులు, ఎనిమిది ఓటములు.

జేవియర్ మీద ఆ ఆఖరి పరుగు కంటే, 66-6తో ఓడిన తరవాతి సోమవారం నన్ను ఎక్కువగా కదిలిస్తుంది. ఒళ్ళంతా కమిలిపోయి, పత్రికల్లో ఆ స్కోరు చూసుకుని, మళ్ళీ బూట్లు కట్టుకుని సాధనకు వచ్చిన ఆ పద్ధెనిమిదేళ్ళ, పందొమ్మిదేళ్ళ పిల్లలు. గెలిచినప్పుడు ఎవరైనా వస్తారు. వీళ్ళు ప్రతి వారం వచ్చారు. దెబ్బలు తినడానికే వెళుతున్నామని తెలిసి కూడా వచ్చారు. ఆ ఏడాది ఆ ఊరికి కావలసింది గెలిచే జట్టు కాదు, శనివారం నాటికి మైదానంలో నిలబడే జట్టు. దాన్ని వాళ్ళు ఇచ్చారు.

ఆ తరవాతి సంగతులు త్వరగా చెబుతాను. లెంగ్యెల్ 1974 దాకా ఉన్నాడు, గెలుపుల కంటే ఓటములే చాలా ఎక్కువ. ఓటముల కంటే గెలుపులు ఎక్కువైన సీజన్ కోసం మార్షల్ 1984 దాకా ఎదురుచూసింది. 1992లోనూ 1996లోనూ తమ శ్రేణిలో జాతీయ విజేతలయ్యారు. 1999లో 13 ఆటలు ఆడి పదమూడూ గెలిచారు.

యూనివర్సిటీ ఆవరణలో 1972లో ఒక ఫౌంటెన్ కట్టారు. రూపొందించిన శిల్పి హ్యారీ బెర్టోయా. పైకి ఎగసే నీటి ధార ఆకారంలో లోహపు కాడలు. ఏటా నవంబరు 14న అక్కడ అందరూ చేరతారు. 75 పేర్లూ చదువుతారు. చదివాక నీళ్ళు ఆపేస్తారు. చలికాలమంతా అది అలా ఎండిపోయి మౌనంగా ఉంటుంది. వసంతంలో కొత్త జట్టు సాధన మొదలుపెట్టే వేళకు మళ్ళీ తెరుస్తారు. మన సంవత్సరీకంలాగే, ఏడాదికోసారి పేరు పెట్టి తలుచుకోవడం. నేట్ రఫిన్ 2001లో జబ్బుచేసి పోయాడు. స్ప్రింగ్ హిల్ మీద, పేరు తెలియని ఆ ఆరుగురు స్నేహితుల దగ్గరే ఆయన్ను ఉంచారు.

మొదట చెప్పిన జీన్ మోర్‌హౌస్ దగ్గరికి మళ్ళీ వస్తాను. ఆయనకు ఆరుగురు పిల్లలు. వాళ్ళలో కీత్ అనే అబ్బాయికి ఆ రాత్రి తొమ్మిదేళ్ళు. ఆ అబ్బాయి పెద్దవాడయ్యాడు. ఆ ఊళ్ళోనే క్రీడావార్తలు చెప్పేవాడయ్యాడు. తండ్రి ఏ జట్టు ఆట చెబుతూ పోయాడో, ఆ మార్షల్ జట్టు ఆటకే మైకు ముందు కూర్చుని కామెంటరీ చెప్పాడు.

శ్రోతలారా, మీ ఊళ్ళోనూ ఒక కాలేజీ ఉంటుంది. దానికో జట్టు ఉంటుంది. వాలీబాల్ కావచ్చు, కబడ్డీ కావచ్చు, ఖోఖో కావచ్చు. సాయంత్రం ఎండ తగ్గాక ఆ పిల్లలు ఆడుతూ ఉంటారు. ఈసారి వాళ్ళ ఆట ఉన్నరోజు ఒక గంట వీలుచేసుకుని వెళ్ళి, గట్టు మీద కూర్చుని చూడండి. వాళ్ళు ఓడిపోతున్నా సరే, ఆఖరు దాకా ఉండండి.